ఏటికిరువది: పకోడీ పరిమళ వ్యాఖ్యా సహితం

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు మెదకు సీమ కొలిచెలమ మల్లినాథసూరి. ఈ వ్యాఖ్యాతకు అంత నిష్ఠ లేదు. రెండూ చేస్తాడు. పైగా ఆయనకు దొరికినవి మహాకావ్యాలు, నాకు దొరికింది ఒక్క ఆటవెలది. అదీ రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో, పక్కనున్న గాయత్రీ నగర్ జగన్నాథుడి రథయాత్ర వెళ్ళిన మరుసటి ఆదివారం, బయట వాన పడుతూ లోపల ఉల్లిపాయ పకోడీలు వేగుతుండగా పుట్టింది.

ఇక సందర్భం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి విజయనగరం–రాయ్‌పూర్ మార్గం 1931లో పూర్తయింది. ఆ పట్టాల వెంట ఉద్యోగాలకు వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్ళలో ఏడెనిమిది ఇళ్ళవాళ్ళం నెలకోసారి కూడతాం. జనవరిలో ఎవరికి వారు ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతానని ఒక అంకె చెప్పాలి. నెలనెలా ఎందాకా వచ్చిందో ఒప్పజెప్పాలి. గుడ్‌రీడ్స్ వాళ్ళు 2011లో లోకం మీదికి వదిలిన ఏటి పందెమే ఇది. మా దగ్గరికి వచ్చేసరికి రూళ్ళ రిజిస్టరు అయింది. రాసేది రిటైరైన గార్డు బాబాయిగారు. ‘చదువుతున్నాను’ అనే మాట ఆయన పద్దులో చెల్లదు. ‘బయల్దేరింది’, ‘రైట్ టైము’, ‘అవుటర్‌లో ఆగింది’ అని మూడే మాటలు. చివరి ఇరవై పేజీలు మిగిల్చి బోర్లించిన పుస్తకానికి మూడోది వర్తిస్తుంది.

ఆ ఆదివారం పిన్నిగారి వంతు వచ్చింది. మేమందరం నసుగుతూ వచనంలో చెప్పుకున్నది ఆవిడ పద్యంలో చెప్పేసింది.

మూలం

ఏటికిరువదనుచు నెంచితి లెక్కగా
తొమ్మిదయ్యె నిపుడు తోటివార
పదవ పొత్త మేమొ పదిలంబు సగమందు
మీకు నెన్ని యయ్యె మిత్రులార

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. గణాలన్నీ సరిపోయాయి. సరిపోనిది పుస్తకాల లెక్కే.

ప్రతిపదార్థం

ఏటికిన్ = సంవత్సరానికి; ఇరువది + అనుచున్ = ఇరవై పుస్తకాలని; లెక్కగా = పద్దు ప్రకారం; ఎంచితిన్ = అనుకున్నాను (అనుకోవడానికి ఖర్చేముంది అని ధ్వని); తోటివార = ఓ సహపాఠకులారా; ఇపుడు = అనగా జులైలో; తొమ్మిది + అయ్యెన్ = తొమ్మిది పూర్తయ్యాయి; పదవ పొత్తము + ఏమొ = పదో పుస్తకమంటారా; సగము + అందున్ = సగం దగ్గర; పదిలంబు = భద్రంగా ఉంది; మిత్రులార = ఓ స్నేహితులారా; మీకున్ = మీకు; ఎన్ని + అయ్యెన్ = ఎన్నయ్యాయి?

తాత్పర్యం

ఏడాదికి ఇరవై అంటే పద్దెనిమిది రోజులకొకటి చొప్పున. ఆర్నెల్లు దాటేసరికి పది కావాలి, తొమ్మిదే అయ్యాయి. తగ్గిన ఆ ఒక్కదాని కోసమే ఈ పద్యం పుట్టింది. అయిపోయిన తొమ్మిదీ దానికి పల్లకీ మోసే బోయీలు.

విశేషాలు

‘ఏటికి’: శ్లేష. ఏడాదికి అని ఒక అర్థం. ఎందుకు అని రెండో అర్థం. పాత పద్యాల్లోనూ ఉంది, మా శ్రీకాకుళం వాళ్ళ నోట్లోనూ ఉంది. అప్పుడు మొదటి పాదం ‘ఎందుకొచ్చిన ఇరవై?’ అవుతుంది. జులై వచ్చేసరికి సభలో అందరి ముఖాల మీదా కనిపించింది ఈ రెండో అర్థమే. మూడో అర్థం ఒకటుంది. వ్యాఖ్యాత దాన్ని ఆఖరికి దాచుకున్నాడు.

‘తోటివార’, ‘మిత్రులార’: ఒకే పద్యంలో రెండు సంబోధనలు. పునరుక్తి దోషమని ఆక్షేపణ. కాదు. తన లెక్క చెప్పేటప్పుడు తోటివాళ్ళు చాలు. ఎదుటివాళ్ళ లెక్క అడిగేటప్పుడు మాత్రం వాళ్ళను స్నేహితులని పిలవాలి, లేకపోతే పకోడీల ప్లేటు ఇటు తిరగదు. ఇది ఔచిత్యం.

‘లెక్కగా’: ఇక్కడ పెద్ద రగడ ఉంది. విశ్వనాథ ‘వేయిపడగలు’ ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెబితే తమ్ముడు రాసిపెట్టాడని ప్రతీతి. దాన్నే మా సభ్యుడొకరు మూడేళ్ళుగా చదువుతున్నారు. మరొకరు డిసెంబరులో ఏడు శతకాలు వరసపెట్టి చదివి పందెం నెగ్గేశారు. శతకమూ ఒకటే, వేయిపడగలూ ఒకటేనా అని ఈయన మొర. బాబాయిగారి తీర్పు: “ఎక్స్‌ప్రెస్సయినా పాసింజరయినా బండి బండే. గార్డు సంతకం ఒకటే.” ఆనాటి నుంచి శతకాలాయన్ని అందరూ ‘పాసింజరు’ అంటున్నారు.

‘పొత్తము’: పుస్తకం. నిఘంటువులు ఒప్పుకోకపోయినా ఇందులో ‘పొత్తు’ వినిపిస్తుంది. ఒకే కంచంలో కలిసి తినడాన్ని పొత్తున తినడం అంటారు. కలిసి చదవడానికి కూడా ఈ మాట పనికొస్తుందేమో చదువరులు కిందికి దిగి చూసుకోవాలి.

‘పదిలంబు’: పదవది పదిలం అనడం శబ్దాలంకారం. సగంలో ఆగిన పుస్తకాన్ని ‘ఆగిపోయింది’ అనకుండా ‘పదిలంగా ఉంది’ అనడం అర్థాలంకారం. ఎంత పదిలమంటే, ఆవిడ సంచీలోంచి తీసి చూపించింది. సమతా ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి ఆవకాయ జాడీతో పాటు వచ్చిన పుస్తకం. అట్ట కింది మూల నూనె పీల్చి అద్దంలా మెరుస్తోంది. మధ్యలో గుర్తుగా ఆ ప్రయాణపు టిక్కెట్టే మడిచి పెట్టి ఉంది.

పూర్వపక్షం

“పోయిన నెలా ఇదే పదోది కదా పిన్నిగారూ. నెల్లాళ్ళకి సగమేనా?” అని పాసింజరుగారు ఆక్షేపించారు. బాబాయిగారు అవుటర్ అని రాయడానికి పెన్ను మూత తీశారు.

సిద్ధాంతం

ఆ పుస్తకం సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’. (శంకర్ నగర్‌లో శంకరమంచి: ఛేకానుప్రాస అని సరిపెట్టుకోండి.) నూరు కథలు. శ్యామ్ బెనెగల్ దూరదర్శన్‌కు హిందీలో తీయడం వల్ల ఇక్కడి ఇరుగుపొరుగుకూ పేరు తెలుసు. ఒక్కో కథ పొట్టిది. తలుచుకుంటే పిన్నిగారు నాలుగు మధ్యాహ్నాల్లో ముగించేస్తుంది. కానీ ఆవిడ మనసులో చదువుకోవడం లేదు. పైకి చదువుతోంది. రాత్రికొక్క కథ, పదేళ్ళ మనవడికి. వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. వాడి బడిలో ఉన్నవి నాగరి అక్షరాలూ ఇంగ్లీషూ.

“రేవంటే?”
“ఘాట్‌రా నాన్నా.”
“మరి కృష్ణ?”
“మన ఖారూన్ లేదూ, దానికి పెద్దక్క.”

వాక్యం వాక్యం దగ్గర ఆగి, విడగొట్టి, వాడికి తెలిసిన మాటల్లో చెప్పి, మళ్ళీ కలిపి చదువుతుంది. దాన్ని ప్రతిపదార్థం అంటారని ఆవిడకు తట్టి ఉండదు. మల్లినాథుడు పండితులకోసం చేసిన పని ఆవిడ దోమతెరలో చేస్తోంది. యాభై రాత్రులకు యాభై కథలు. కచ్చితంగా సగం. పద్యంలో అబద్ధమేమీ లేదు.

‘ఏటికి’ మూడో అర్థం ఇక్కడ తేలుతుంది. ఏరు, ఏటికి. అంటే కృష్ణకు. రాయ్‌పూర్‌లో పుట్టిన కుర్రాడు ఇంతవరకు చూడని ఏటికి రాత్రికో మెట్టు దిగుతున్నాడు. అలా దిగేవాణ్ణి పద్దెనిమిది రోజుల్లో దిగమని ఎవరు తోస్తారు?

ఇక్కడ ఇంకో ప్రమాణం ఉంది. మన రైలుమార్గం పూర్తయిన 1931లోనే మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు వెలువరించారు. పాఠకుడి సమయం వృథా చేయకూడదన్న సూత్రం కూడా వాటిలో ఉంది. అయినా ఎన్ని చదివావని అయిదింటిలో ఒక్కటీ అడగదు. పుస్తకం ఎవరి చేతికి చేరిందన్నదే ఆయన గొడవ.

అంతలో పాసింజరుగారికే కొత్త సందేహం వచ్చింది. “చదివింది పిన్నిగారు, విన్నది మనవడు. పుస్తకం ఎవరి ఖాతాలో వేస్తారు?”

ఫలశ్రుతి

ఈ సందేహం మన పెద్దలకు ఏనాడూ రాలేదు. ఏ పురాణం చివర చూసినా చదివినవారికీ, విన్నవారికీ, రాసినవారికీ ఒకే ఫలం పంచిపెట్టారు. విన్నవాడికి అణా తగ్గించలేదు. గుళ్ళో పురాణ కాలక్షేపానికి కూర్చున్న వందమందిలో పుస్తకం పట్టుకున్నవాడు ఒక్కడే. మిగతా తొంభై తొమ్మిదిమందీ భాగవతం ‘చదవలేదు’. కానీ వాళ్ళకు రానిదేమిటి? పుస్తకాన్ని ఒంటరిగా, నోరు మూసుకుని, లెక్కపెట్టుకుంటూ చదవడం మనకు మొన్నటి అలవాటు.

బాబాయిగారు ఈ వ్యాఖ్యానమంతా వినలేదు. ఆయన చెవి కాస్త బరువు. స్కేలు తీసి రిజిస్టరులో కొత్త గడి గీశారు, పైన ‘విన్నవి’ అని రాశారు. లోపలి గదిలో ఉన్న కుర్రాణ్ణి కేకేసి సంతకం పెట్టమన్నారు. వాడు హిందీలో పెట్టాడు.

“వయసెంత?”

“పది.”

పన్నెండు నిండలేదు. బాబాయిగారు ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ పక్కన రాసేశారు: ‘అర టిక్కెట్టు. ప్రయాణం పూర్తి.’