కజిన్ బ్రదర్ చేసిన నేరం

మా మేనల్లుడు అమీర్‌పేటలో ఓ స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులో చేరాడు. మూడో రోజుకల్లా వాడి నోరు మూతపడింది. ఏం మాట్లాడినా తప్పేనట. అక్కడి సారు భారతీయులు చేసే సిగ్గుమాలిన తప్పులన్నీ ఏరి ఓ పట్టిక గోడకి అంటించాడు. ‘ప్రీపోన్’ అనకూడదు, తెల్లవాడు నవ్వుతాడు. ‘అవుటాఫ్ స్టేషన్’ అనకూడదు, నవ్వుతాడు. చూడబోతే ఆ తెల్లవాడికి వేరే పనేమీ ఉన్నట్టు లేదు. అమీర్‌పేట కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, మనవాడు ఎప్పుడు నోరు జారతాడా అని కాచుకు కూర్చున్నాడు. ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కిన సంగతి సారుకింకా చేరలేదు పాపం.

అన్నిటికంటే పెద్ద నేరం ‘కజిన్ బ్రదర్’ అట. కజిన్ అంటే చాలు, వెనక బ్రదర్ తగిలించడం మొరటుతనమట. అయ్యా, తమరు పుట్టింది తెలుగింట్లోనేనా? పెదనాన్న కొడుకు అన్నయ్య. మేనమామ కొడుకు బావ. పినతల్లి కూతురు చెల్లెలు. మేనత్త కూతురు మరదలు. చెల్లెలైతే పెళ్లిచేసి సారె పెట్టి పంపాలి, మరదలైతే పక్కన పీటల మీద కూర్చోవచ్చు. ఇంగ్లీషువాడు వీళ్లందరినీ ఒకే గంపలో వేసి కజిన్ అన్నాడు. వాడికి ఆ తేడాతో పనిలేదు, సరిపోయింది. మనవాడు ఓ అమ్మాయిని చూపించి ‘నా కజిన్’ అని ఊరుకుంటే మా మేనత్త సాయంత్రానికి పంతులుగారిని పిలిపిస్తుంది. వెనక ఆ ‘సిస్టర్’ తోక ఉండబట్టి ఎన్ని కొంపలు నిలబడ్డాయో!

‘పాస్డవుట్’ అంటే స్పృహతప్పడమేనట. మరి బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగించిన కుర్రాళ్లు చేసే కవాతు పేరు పాసింగవుట్ పరేడ్. వరసగా నిలబడి ఒక్కొక్కరే పడిపోతారు కాబోలు.

మాటకి అసలు అర్థం ఒకటుంటుంది, దాన్ని కదపకూడదని సారుగారి సిద్ధాంతం. సిల్లీ అనే మాటకి ఒకప్పుడు ధన్యుడని అర్థం. గర్ల్ అంటే ఆడైనా మగైనా పిల్లే. నైస్ అంటే తెలివితక్కువ. ఆ అసలు అర్థంలో మావాడి సారు చాలా నైస్ మనిషి.

పోనీ ఇంగ్లీషువాళ్లేమైనా మన మాటల్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నారా? మొహర్రం ఊరేగింపులో ‘యా హసన్! యా హుసేన్!’ అంటూ గుండెలు బాదుకునే కేక వాళ్ల చెవికి హాబ్సన్-జాబ్సన్‌గా వినబడింది. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు మన దేశపు మాటలకి వేసిన నిఘంటువుకి ఆ పేరే పెట్టారు. మన పందికొక్కుని పట్టుకెళ్లి బ్యాండికూట్ చేశారు. అంతటితో ఆగారా, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేకుండా పిల్లల్ని సంచిలో మోసుకు తిరిగే ఆస్ట్రేలియా జంతువొకదానికి ఆ పేరు తగిలించారు. దాని పక్కన ఏ సారూ ఎర్రసిరాతో సున్నా చుట్టలేదు.

ఈ కథంతా మావాడికి చెప్పి, వెళ్లి మీ సారుకి చెప్పరా అన్నాను. చెప్పాడట. సారు ముచ్చటపడి బోర్డు మీద బ్యాండికూట్ అని రాసి, క్లాసంతటిచేతా పదిసార్లు పలికించాడట. వెనక బెంచీ కుర్రాడెవడో ‘పందికొక్కు’ అన్నాడట. సారు వాడిని లేపి నిలబెట్టి, ‘మదర్‌టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్ తగ్గించుకో’ అన్నాడట.