కిరాణా కొట్టు బోర్డుకు టీకా తాత్పర్యం

మూలం: నేడు నగదు – రేపు అరువు

అవతారిక: అజ్ఞాతకవి కృతమైన ఈ ఏకపాద కావ్యము గల్లాపెట్టె వెనుక, లక్ష్మీదేవి పటము క్రింద వ్రేలాడుచుండును. నెలాఖరున సంచీతో వచ్చి ‘ఖాతాలో రాసుకో’ అనబోవు వానినుద్దేశించి కవి యిట్లనుచున్నాడు.

టీక: నేడు = ఈ దినమున, అనగా బోర్డు చదివిన ప్రతిదినమున; నగదు = రొక్కము (ఫోనుతో స్కాన్ చేయుటయు నగదే యని నవీనులు); రేపు = ఎన్నటికిని నేడు కానట్టి దినమున; అరువు = అప్పు. ‘ఇత్తుము’ అని అధ్యాహారము. ఇస్తానని కవి ఎక్కడా అనలేదు, గమనించగలరు.

తాత్పర్యం: డబ్బు పెట్టి సరుకు పట్టుకుపో.

విశేషాలు: వాచ్యం విధిగా ఉన్నా వ్యంగ్యం నిషేధం కావచ్చునని 9వ శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చూపాడు. ‘రేపు ఇస్తాను’ వాచ్యం, ‘ఏనాడూ ఇవ్వను’ వ్యంగ్యం. ఎదుటి కొట్టులోని ‘అప్పు ఇవ్వబడదు’ కావ్యం కాదు, నోటీసు. నాయకుడు శఠుడు: మొహాన నవ్వు, గల్లాకు తాళం. నకారంతో వృత్త్యనుప్రాస మొదటి సగంలోనే ఉంది. డబ్బు వచ్చే చోట కవికి శ్రద్ధ ఎక్కువ. ‘అప్పు రేపు’ అనే పాఠాంతరానికి అంత్యానుప్రాస ఉన్నా నగదు ఊసే లేదు. ఏ వ్యాపారీ అలా రాయడు కనుక అది ప్రక్షిప్తం.

ఛందస్సు: గలం, నగణం, గలం, నగణం. వరసగా నాలుగు సూర్యగణాలు! ఇంకొక్కటి పడితే ఆటవెలది రెండో పాదానికి సరిపోయేది. యతి మాత్రం కుదరలేదు. ‘నే’కూ ‘అ’కూ మైత్రి లేదు. డకారానికి రేఫ జత కాదు కనుక ప్రాసయతి ఆశా లేదు.

అసలు పేచీ సంధి దగ్గర. ఉత్తుకు అచ్చు పరమైతే సంధి తప్పదని చిన్నయసూరి బాలవ్యాకరణం. ఆ లెక్కన ‘రేపరువు’ అనాలి. అప్పుడు గురువు వెంట మూడు లఘువులొచ్చి ‘భల’ అనే చంద్రగణం తేలుతుంది. సూర్యుడూ చంద్రుడూ ఒకచోట చేరితే అమావాస్య. అమావాస్య నాడు అప్పిచ్చే కొట్టువాడెవడు? గణభంగానికి జడిసి సంధి మానాడని కొందరంటారు. మాకది సమ్మతం కాదు. రేపుకూ అరువుకూ ఎన్నడూ పొత్తు కుదరరాదన్నదే కవిహృదయం. కాబట్టి ఈ విసంధి దోషం కాదు, గుణం.

ఐదో సూర్యగణం బాకీ ఉన్నమాట నిజమే. కావలసిన పాఠకులు రేపు రాగలరు.