చప్పట్లకు కరువు లేని తాలూకా

పావగడలో వేదిక ఎక్కబోయే నాయకులకు శుభవార్త. ఈ తాలూకాలో వాన పడకపోవచ్చు, బోరు ఎండిపోవచ్చు, పడిన బోరులో నీళ్లకంటే ఫ్లోరైడే ఎక్కువ ఉన్నట్టు అనిపించవచ్చు. చప్పట్లు మాత్రం ఏ కార్తెలోనైనా పండుతాయి. దున్నక్కర్లేదు, విత్తనం కొనక్కర్లేదు. కొన్ని కిటుకులు తెలిస్తే చాలు. ఇన్నాళ్లూ అవి బెంగళూరు నుంచి కార్లలో వచ్చిపోయేవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. లోకహితం కోరి బయటపెడుతున్నాను.

ముందు నాలుగు ముక్కలు కన్నడంలో మాట్లాడండి. తర్వాత చటుక్కున ఆగి, మైకు కాస్త దగ్గరికి లాక్కొని, "అందరూ బాగుండారా?" అనండి. అంతే, మైదానం మోగిపోతుంది. మూడువైపులా ఆంధ్ర చుట్టుకొని ఉన్న తాలూకా ఇది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఏ అర్జీ మీదా కనిపించని భాషలో మంత్రిగారే పలకరిస్తే చేతులు వాటంతటవే కలుస్తాయి. ఉచ్చారణ తప్పితే మరీ మంచిది, ఆ తప్పుకు విడిగా ఇంకో దఫా కొడతారు. రెండో తెలుగు వాక్యం జోలికి మాత్రం పోకండి. మీకు భాష వచ్చని తెలిస్తే జనం ఏదైనా అడిగే ప్రమాదం ఉంది.

తర్వాత శనేశ్వరస్వామి. గుడికి వెళ్లే వస్తున్నానని చెప్పండి, నుదుటి బొట్టు చెరగనివ్వకండి. ఆ స్వామిని తలుచుకుంటే కాదనేవాడు ఆ జనంలో ఒక్కడూ ఉండడు. ఈ శాస్త్రం గుట్టంతా అక్కడే ఉంది. జనానికి తెలియనిది చెప్పకూడదు. ఇంటి దగ్గరే ఒప్పేసుకొని వచ్చిన మాటను మైకులో మళ్లీ వినిపించాలి. అందుకే కరువును ఎంతైనా తిట్టండి. కరువు ఏ పార్టీలోనూ లేదు, పరువునష్టం దావా వేయదు. ప్రాంతీయ అసమానతల మీద 2002లో నివేదిక ఇచ్చిన నంజుండప్ప కమిటీ పావగడను వెనుకబడిన తాలూకాల్లో చేర్చింది. ఆ సంగతి గద్గదంగా చెబితే పావుగంట సునాయాసంగా గడిచిపోతుంది. ఆ నివేదిక వచ్చాక ఎవరి హయాంలో ఏం జరిగిందన్న లెక్క మాత్రం తీయకండి. అక్కడ చేతులు కదలవు.

హామీ ఇచ్చేటప్పుడు "త్వరలో" అన్న మాటను మించిన ఆయుధం లేదు. రాయదుర్గం–తుమకూరు రైలు మార్గమే చూడండి. 207 కిలోమీటర్ల లైను, 2007–08లో మంజూరైంది. పట్టాలు కదిరిదేవరపల్లికి చేరేలోపే దాని పేరున మోగిన చప్పట్లు తుమకూరు వెళ్లి తిరిగొచ్చాయి. తుంగభద్ర నీళ్లకూ ఇదే యోగం. కొళాయిలోకి రాకముందే ఎన్ని ఉపన్యాసాల్లో పారాయో లెక్కలేదు.

ఇక బ్రహ్మాస్త్రం సోలార్ పార్కు. నాగలమడిక హోబళిలో తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు మొదలైన అయిదు ఊళ్ల భూముల్లో, 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల పార్కు. 2018 మార్చి 1న ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య ప్రారంభించారు. "ప్రపంచంలోనే అతి పెద్దది!" అంటే చప్పట్లు ఖాయం. రాజస్థాన్‌లోని భడ్లా 2,245 మెగావాట్లతో దీన్ని దాటిపోయి ఏళ్లు గడిచాయి. అయితేనేం? వేదిక మీద కొలతలు అడిగేవాడెవడు?

ఆ పలకల కింద ఉన్నది రైతుల భూమే. అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరిగే ఒప్పందం. వేరుశనగ వేసి మబ్బుల వంక చూసినవాడికి ఇది చిన్న సంగతేమీ కాదు, దీనికి చప్పట్లు కొడితే తప్పుపట్టను. కానీ ఆ చేలల్లో కలుపు తీసినవాళ్లు, కాయలు వలిచినవాళ్లు ఉన్నారు. వాళ్లకు సెంటు భూమి లేదు కాబట్టి కౌలు రాదు. చేను లేదు కాబట్టి కూలీ రాదు. గొర్రెల్ని మేపేవాడికి అడ్డంగా కంచె లేచింది. ఈ మాట మైకులో చెప్పి చూడండి, సభంతా చల్లబడిపోతుంది. అందుకే ఏ ఉపన్యాసంలోనూ ఇది ఉండదు.

ఈ విద్యకు వంశవృక్షం పెద్దదే. రోమ్ చక్రవర్తి నీరో తాను పాడేటప్పుడు చప్పట్లు కొట్టడానికి 5,000 మందికి పైగా కుర్రాళ్లను పోగుచేశాడని స్యుటోనియస్ రాశాడు. తుమ్మెదల రొదలా ఒక రకం, పెంకుల మోతలా ఒక రకం, ఇటుకల చప్పుడులా ఒక రకం, అన్నీ నేర్పించాడట. మన సభల్లో మొదటి రెండు వరుసల్లో కూర్చునే కండువాలవాళ్లు ఇంకా ఒక్క రకం దగ్గరే ఆగిపోయారు, శిక్షణ అవసరం. మన పద్యనాటకాల్లోనూ వన్స్‌మోర్‌ల కోసం రాగం సాగదీసి సాగదీసి, కథను అక్కడే నిలబెట్టేసిన నటులు కోకొల్లలు. ఆ సాగదీత వద్దు, నటన కావాలని బళ్లారి రాఘవ పట్టుబట్టాడు. ఆయన ఇవాళ ఉండి రాజకీయ సభకొస్తే రెండో "త్వరలో" దగ్గరే లేచిపోయేవాడు.

చప్పట్లు పడని పనులూ కొన్ని ఉన్నాయి. ఊళ్లో నీటి శుద్ధి యంత్రానికి వేళకు ఫిల్టరు మార్చడం అందులో ఒకటి. దానికి దండ వేయరు, ఫ్లెక్సీ కట్టరు. మార్చకపోతే పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దల మోకాళ్లు పట్టేస్తాయి. అంతకు మించి వేదిక మీదివాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు.

చివరగా ఒక మాట, నాయకులకు కాదు, కింద కూర్చునేవాళ్లకు. ఈసారి సభకు వెళ్లేటప్పుడు ఒక కాగితం, పెన్ను వెంట తీసుకెళ్లండి. చేతులు ఖాళీగా ఉంటేనే కదా చప్పట్లు కొట్టేది. "త్వరలో" అన్నప్పుడల్లా ఏ నెల, ఏ సంవత్సరం అని అడిగి రాసుకోండి. ఆ కాగితం పారేయకుండా వచ్చే సభకు పట్టుకెళ్లి, పైకి లేచి చదవండి.