ట్యాగుకు దండ, దొంగకు దండం

తెలుగు నేల మీద మరో వస్తువుకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చిందంటే ఆ రోజు పండగే. మంత్రిగారు ట్వీటు పెడతారు. కలెక్టరుగారు ధ్రువపత్రం పట్టుకుని ఫొటో దిగుతారు. ఆ ఫొటోలో మూడో వరసలో, సగం మొహం ఎవరి భుజం వెనకో దాగి, ఒక ముసలాయన నిలబడి ఉంటాడు. ఆ వస్తువు చేసేది ఆయనే. శాలువా ఆయన దాకా రాదు. ఒకవేళ వచ్చినా అది మిల్లు శాలువా.

2023లో ఆత్రేయపురం పూతరేకులకు ట్యాగ్ వచ్చింది. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పలచని బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, ఆ సెగలో ఒక్కో రేకూ తీసే ఆడవాళ్ళకు అది న్యాయంగా దక్కిన గౌరవం. మరి హైవేల పక్కన ఏం జరుగుతోంది? ఆత్రేయపురం మొహం ఎన్నడూ చూడని దుకాణం మీద కూడా 'ఒరిజినల్ ఆత్రేయపురం' బోర్డే. ట్యాగ్ వల్ల ఎవరికీ లాభం లేదనడం అభాండం. ఫ్లెక్సీలు వేసేవాళ్ళకు చేతినిండా పని దొరకడం లేదూ!

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో పెట్టారు. మొదటి ట్యాగ్ డార్జిలింగ్ టీ పట్టుకుపోయింది. ఆ తొలి పంక్తిలోనే మన పోచంపల్లి ఇకత్ కూడా కూర్చుంది. ఇరవై ఏళ్ళు దాటిన సంబంధం కాబట్టి ట్యాగ్ అనే అల్లుడు మన పిల్లను ఎలా చూసుకుంటున్నాడో అడిగే హక్కు మనకుంది.

ముందు పిల్ల సంగతి. పోచంపల్లి చీరలో బొమ్మ బట్ట మీద వేసేది కాదు, నూలులోనే పుట్టేది. నూలును ఆసు అనే చట్రం మీద పోసి, గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ ముంచుతారు. తర్వాత మగ్గం మీద పడుగులో రంగూ పేకలో రంగూ ఒకదాన్నొకటి వెతుక్కుని కలవాలి. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్ళది. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ళ తరబడి తంటాలుపడి ఆసు యంత్రం కనిపెట్టి, దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. గమనించండి, ఆ తల్లి భుజాన్ని కాపాడింది కొడుకే. ధ్రువపత్రం కాదు.

ఇక దొంగ సంగతి. అతనికి ఆసు అక్కర్లేదు, చిటికి అక్కర్లేదు. చీరను ఫొటో తీస్తాడు, కంప్యూటరులో ఎక్కిస్తాడు, పాలిస్టరు మీద మైళ్ళకు మైళ్ళు ప్రింటు కొడతాడు. నేతగాడు వేలల్లో అమ్మితే గాని గిట్టని చీర ఇతగాడి దగ్గర వందల్లో దొరుకుతుంది. పేరు దగ్గర మాత్రం మహా నిజాయితీపరుడు. 'పోచంపల్లి' అని ఊరుకోడు, 'పోచంపల్లి మోడల్' అంటాడు. 'మోడల్' అన్న ఆ ఒక్క మాటతో సత్యహరిశ్చంద్రుడి సరసన కూర్చుంటాడు.

'మరి చట్టం ఊరుకుంటుందా?' అని అమాయకులు అడుగుతారు. ఊరుకోదు! తప్పుడు పేరు పెట్టి అమ్మితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా జరిమానా అని గర్జిస్తుంది. అయితే సోదాకు కానిస్టేబులో ఎస్సైయో సరిపోరు, డీఎస్పీకి తగ్గని అధికారి రావాలి. ఆయనైనా నేరుగా దుకాణంలోకి అడుగు పెట్టడానికి లేదు. ముందు జీఐ రిజిస్ట్రార్ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాలి. ఉత్తరం వెళ్ళి, జవాబు వచ్చి, జీపు కదిలేసరికి దసరా అమ్మకాలు, దీపావళి అమ్మకాలు, సంక్రాంతి డిస్కౌంటు అన్నీ అయిపోయి దొంగ కొత్త డిజైన్లలోకి దిగి ఉంటాడు.

పోనీ నేతగాడే కోర్టుకు వెళ్ళవచ్చు కదా? తప్పకుండా. 2019-20 చేనేత గణన ప్రకారం నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల ఆదాయం నెలకు 5 వేల రూపాయల లోపు. ఆ డబ్బుతో బియ్యం, మందులు, పిల్లల ఫీజులు పోను మిగిలినది లాయరుగారి చేతిలో పెట్టి దావా వేయమనండి. ట్యాగ్ తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటాడా అంటే అదీ కుదరదు. ఈ హక్కును అమ్మడానికి లేదు, బదిలీ చేయడానికి లేదు, కుదువ పెట్టడానికి లేదు అని చట్టమే రాసుకుంది. పెద్దలు ఆలోచించే రాశారు, సొత్తు సమష్టిది, ఎవడో ఒకడు అమ్ముకుపోకూడదని. అందుకే ఎవరూ కొనకుండానే ఎత్తుకుపోతున్నారు.

ఇంకో చమత్కారం ఉంది. వస్తువుకు ట్యాగ్ వచ్చినంత మాత్రాన చేసేవాడికి హక్కు వచ్చినట్టు కాదు. రిజిస్టరులో 'ఏ' భాగం, 'బి' భాగం అని రెండున్నాయి. 'ఏ'లో వస్తువు, దాని తరఫున దరఖాస్తు పెట్టిన సంఘం. ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుడిగా నేతగాడు విడిగా 'బి'లోకి ఎక్కాలి. అలా ఎక్కడానికి కట్టే ఫీజును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. పది రూపాయలకు మంచి టీ రాని రోజుల్లో హక్కు వస్తోందంటే సంతోషమే. కానీ ఆ కబురు మగ్గం గుంట దాకా మోసేదెవరు? కేంద్ర మంత్రి పీయూష్ గోయల్ 2025లో సగర్వంగా చెప్పిన లెక్క ప్రకారమే, దేశం మొత్తం మీద, అన్ని వస్తువులకూ కలిపి, అధీకృత వినియోగదారులు సుమారు 29 వేలు. ఒక్క చేనేతలోనే 35 లక్షల మంది బతుకుతున్న దేశమిది. ఇప్పటికి ట్యాగులు ఆరు వందలు దాటాయి, 2030 నాటికి 10 వేలు చేస్తారట. ఆరు వందల ఇళ్ళకు కాపలా లేదని మొరపెట్టుకుంటే పదివేల ఇళ్ళకు నేమ్ ప్లేట్లు చేయిస్తామంటున్నారు.

ఇతర దేశాల్లో ఈ పేరు పిచ్చి ఎలా ఉంటుందో చూడండి. స్విట్జర్లాండులో షాంపేన్ అని ఓ పల్లె ఉంది. శతాబ్దాలుగా ద్రాక్షసారా చేసుకుంటోంది. ఫ్రాన్సు వాళ్ళ షాంపేన్ పేరుకు అడ్డమని, 2004 నుంచి ఆ పల్లె సీసాల మీద ఆ పల్లె పేరే లేకుండా చేశారు. అన్యాయమే అనుకోండి. ఊరి పేరున్నవాడికే అక్కడ దిక్కులేదు, ఊరెక్కడుందో తెలియనివాడికీ ఇక్కడ అడ్డులేదు. ఇటలీలో పర్మిజానో జున్ను చక్రాలను ఏడాది మాగాక ఒక్కొక్కదాన్నీ సుత్తితో తట్టి పరీక్షిస్తారు, తప్పినవాటి మీద గుర్తులు చెరిపేస్తారు. తట్టుకోవడం మన దగ్గరా ఉంది, ఒకరి భుజం ఒకరు.

మన పోటీ వేరే రకం. 2017లో రసగుల్లా ట్యాగ్ బెంగాల్‌కు వస్తే ఒడిశాకు నిద్ర పట్టలేదు, 2019లో తన రసగొలాకు తానూ తెచ్చుకుంది. మనమూ తక్కువ తినలేదు. ఆంధ్రకెన్ని, తెలంగాణకెన్ని అని స్కోరు చూసుకుంటున్నాం. కొండపల్లి బొమ్మకు ట్యాగ్ ఉంది, బొమ్మ చెక్కే తెల్లపొణికి కర్రకు కరువు. ఏటికొప్పాక లక్కబొమ్మ 2025 రిపబ్లిక్ డే శకటం ఎక్కింది, దానికి కావలసిన అంకుడు కర్రకు వెతుకులాట. చెట్లు పెంచితే స్కోరు పెరగదు కదా.

ఈ దొంగతనంలో కొనేవాళ్ళుగా మన వాటా తక్కువేం కాదు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905 స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజు ఆఫీసులకు ఆఫీసులే ఇకత్‌లో మెరిసిపోతాయి. కాస్త దగ్గరికి వెళ్ళి ఎన్ని కొంగులు తిరగేస్తే వెనకవైపు వెలవెలబోతాయో! ఎదుట పోచంపల్లి, వెనక పాలిస్టరు. సెల్ఫీకి ముందువైపు చాలు కాబట్టి స్వదేశీ ఉద్యమం దిగ్విజయం.

కొత్త ట్యాగులు వద్దని కాదు. ఉన్నవాటికి ముందు పళ్ళు తొడగండి. చేనేత శాఖలే ప్రతి క్లస్టరులో కూర్చుని నేతగాళ్ళను 'బి' భాగంలో ఎక్కించాలి. దావాలు నేత సంఘాల మీదికి నెట్టకుండా ప్రభుత్వ న్యాయవాదుల చేత, ప్రభుత్వ ఖర్చుతో నడిపించాలి. సన్మాన సభల ఖర్చు కొన్నాళ్ళు అటు మళ్ళిస్తే ఖజానాకు కొత్త భారమేమీ ఉండదు.

పాఠకులకు చేతనైనదీ ఒకటుంది. ఇకత్ కొనేటప్పుడు బట్టను తిరగేసి చూడండి. అసలుదైతే బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కాస్త చెదిరినట్టుంటుంది. తర్వాత బిల్లు మీద 'చేనేత, పోచంపల్లి ఇకత్' అని రాసిమ్మనండి. అబద్ధం రాస్తే ఆ కాగితమే రేపు సాక్ష్యం. రాయనన్నాడా, చీర అక్కడే పెట్టి వచ్చేయండి.