రెండుసార్లు పుట్టిన ఇల్లు

నా వయసు లెక్క తేలదు. ఊరివాళ్లు పద్దెనిమిదో శతాబ్దం నాటి ఇల్లంటారు. నా దూలాలు మాత్రం 1936 అంటాయి. రెండూ నిజమే.

ఉత్తర పోలండ్‌లో, కషూబియాలోని వ్జిజె ఊరు నాది. గడ్డికప్పు, ముందు స్తంభాల వసారా. ఇక్కడ సరస్సులు శిలువ ఆకారంలో ఒకదాన్నొకటి కలుస్తాయి. ఆ నీటిని మావాళ్లు కషూబియన్ సముద్రం అంటారు, కాస్త గొప్పలెక్కువ లెండి! నేలంతా ఇసుక. పంట అంతంతమాత్రం కాబట్టి చేపలూ అడవీ ఆదుకోవాల్సిందే. చలికాలం పొయ్యి చుట్టూ కూచుని పైన్ చెట్ల వేళ్లతో గిన్నెలు అల్లేవాళ్లు. నీళ్లు పోసినా కారనంత బిగువైన అల్లిక. మధ్యమధ్య కొమ్ముతో చేసిన డబ్బీ చేతులు మారేది, ముక్కుపొడుం పీల్చి ఒకటే తుమ్ములు.

అప్పట్లో మాది ప్రష్యా ఏలుబడి. బళ్లో జర్మన్, ఇంట్లో కషూబియన్. ఊరి బడిపంతులు ఇజిడోర్ గుల్గొవ్‌స్కి, ఆయన భార్య తెయొడోరా 1906లో నన్ను కొన్నారు. కాపురానికి కాదు! పాత పెట్టెలు, రాట్నాలు, బంగారు జరీ టోపీలు తెచ్చి నాలో పెట్టారు. పోలిష్ గడ్డమీద మొట్టమొదటి ఆరుబయలు మ్యూజియాన్ని నేనే. జనం పారేసే సామాను ఏరి తెస్తుంటే చూసినవాళ్లు నవ్వకుండా ఉంటారా?

పంతులుగారు ఇక్కడి మనుషుల గురించి 1911లో జర్మన్‌లో పుస్తకం రాశారు. తెయొడోరా చిత్రకారిణి. పాత టోపీల మీద, పెట్టెల మీద ఉన్న పూలను చూసి నమూనాలు గీసి, ఊరి ఆడవాళ్లకు కుట్టడం నేర్పింది. కుట్టినవి అమ్ముడుపోయేవి కూడా. ఇసుక నేలమీద బతికే ఇంటికి ఆ డబ్బు చిన్నది కాదు.

1920లో సరిహద్దు జరిగి పోలండ్‌లో కలిశాం. 1925లో పంతులుగారు పోయారు. 1932లో నేను తగలబడ్డాను. పెట్టెలు, టోపీలు, అన్నీ నాతోపాటే. గడ్డికప్పుకి నిప్పంటుకుంటే ఏం మిగులుతుంది? పట్టుపట్టి 1936లో నన్ను మళ్లీ నిలబెట్టింది తెయొడోరాయే. 1951లో తనూ పోయింది. ఇద్దరి సమాధులూ ఇక్కడే, సరస్సు ఒడ్డున.

ఆ తర్వాత నాకు ఇరుగుపొరుగు పెరిగారు. వేరే ఊళ్లనుంచి గాలిమరలు, బడి, స్వొర్నెగాట్సె ఊరి కొయ్య చర్చి, అన్నిటినీ విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. అసలు కొయ్యతోనే వచ్చామని వాటికి నా ముందు కాస్త బడాయి.

జూలై సంతకి ఊరంతా జనమే. బల్లలమీద కుట్టుపూల గుడ్డలు పరుస్తారు. జుకోవో ఊరి కుట్టు పద్ధతిలో నీలాలే మూడు ఛాయలు. మా వ్జిజె పూలకి పసుపు, నారింజ, గోధుమ రంగులు. ఏది బాగుందని నన్నడిగితే, నేనేమంటానో తెలుసుగా!