డిస్పోజల్ జీపూ, షోకేసు జీపూ

మా రోజుల్లో మిలిట్రీ జీపు కొన్నవాడు ముందుగా చేసే పని, దాని మిలిట్రీ రంగు కనపడకుండా చెయ్యడం. నీలమో, మీగడ రంగో పూయించి, బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఊళ్లోకి తెచ్చేవాళ్లం. ఇప్పుడంతా తలకిందులు. షోరూములో నిగనిగలాడే బండి కొని, దానికి బురదపచ్చ రంగు కొట్టించి, తెల్ల నక్షత్రం వేయించి, పక్కన పారా గొడ్డలీ కట్టించి ఫొటోలు దిగుతున్నారు. ఆ పారతో పిడికెడు మట్టి తీసిన పాపాన పోరు.

రెండో ప్రపంచ యుద్ధానికి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధమయ్యాక ఇక్కడ మిగిలిపోయినవి 'డిస్పోజల్' బండ్లుగా వేలానికి వచ్చాయి. చేతులు మారి మారి అందులో ఒకటి మా ఇంటికి చేరింది. మా నాన్నగారూ, మావయ్యా చెరి సగం వేసుకున్నారు. ఏరుకోవడాలూ బేరాలూ లేవు. ఉన్నదున్నట్టు కొనడమే. మా బండికి బ్యాటరీ లేదు, డైనమో లేదు, ఉన్న టైర్లకు గుడ్డ బయటపడింది. ట్రాక్టరుకు మోకు కట్టి లాక్కొచ్చి వేపచెట్టు కింద నిలబెట్టాం. ఆ చెట్టే మా వర్క్‌షాపు. దాని కొమ్మకే చైన్ పుల్లీ వేసి ఇంజను దించాం. గోనెపట్టా పరిచి, విప్పిన ప్రతి ముక్కనూ కిరసనాయిల్లో కడిగి, విప్పిన వరసలోనే పేర్చాం. కోళ్లు ఆ వరస తొక్కకుండా కాపలా కాయడం పిల్లల వంతు.

బోరింగుకు మాత్రం బ్లాకును బెజవాడ తీసుకెళ్లాం. మిగతా పనంతా ఇంట్లోనే అయింది. రేకు చిల్లులకు అతుకులు వేసి, లప్పం పట్టించి, ఉప్పు కాగితంతో రుద్దింది మేమే. ఇప్పుడు అదే పనికి మనిషొస్తాడు, మిషనొస్తుంది, వెంట అంచనా కాగితమూ వస్తుంది.

ఆ జీపు నడపడం కూడా ఒక చదువే. ఆరు ఓల్టుల కరెంటు. రాత్రిపూట దాని లైట్లు ఎదుటి వాళ్లకు మనం వస్తున్నామని చెప్పడానికే తప్ప మనకు దారి చూపించవు. బ్యాటరీ పడుకుంటే హ్యాండిలు తిప్పాలి. తిప్పేటప్పుడు బొటనవేలును హ్యాండిలు చుట్టూ బిగించకూడదు, నాలుగు వేళ్ల సరసనే ఉంచాలి. ఇంజను ఎదురు తన్నిందంటే వేలో మణికట్టో పోతుంది. పెట్రోలు టాంకు డ్రైవరు సీటు కింద. బంకుకు వెళ్తే డ్రైవరు దిగాలి, సీటు ఎత్తాలి. ముందుకు మూడే గేర్లు. రెండో గేరు నుంచి మొదటికి దించాలంటే క్లచ్చి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, కాస్త రేజు చేసి, మళ్లీ తొక్కి వెయ్యాలి. లేదా పళ్లు కరకరలాడి వీధంతా తిరిగి చూస్తుంది. ఇవాళ బటన్ నొక్కి బండి స్టార్టు చేసేవాళ్లు 'డ్రైవింగ్ నా ప్యాషన్' అంటుంటే వినాల్సి వస్తోంది.

1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాక పెట్రోలు ధర చూసి మావయ్య నోట మాట పడిపోయింది. ఊళ్లో జీపులున్న వాళ్లందరూ చేసిందే మేమూ చేశాం. పెట్రోలింజను పీకేసి, ఇంటర్నేషనల్ ట్రాక్టరు డీజిలింజను ఎక్కించాం. ముందు కమాన్లకు రెండేసి పట్టీలు చేర్చాం, రేడియేటరు జరిపాం. సీట్లో కూర్చుంటే పళ్లు టకటకా కొట్టుకునేవి. కొట్టుకుంటే కొట్టుకున్నాయి! మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు చేరాయి, పురుడొచ్చిన ఆడవాళ్లు ఆసుపత్రికి చేరారు, ఎలక్షన్లలో మైకు కట్టుకుని రెండు పార్టీలకూ తిరిగింది.

ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేసే మా మనవడు శని, ఆదివారాలు వచ్చి, దాన్ని పాతరూపుకు తెస్తానంటూ అదే వేపచెట్టు కింద కూర్చుంటున్నాడు. క్రికెటరు ధోనీ పాత మిలిట్రీ బండి జోంగా కొన్నాడని వీడి స్నేహితుడెవడో జోంగా కొన్నాడట, లీటరుకు నాలుగైదు కిలోమీటర్లిచ్చే బండిని! అది చూసి వీడికి మా జీపు గుర్తొచ్చింది. వాడి ఫోనులో 1944లో అమెరికా సైన్యం అచ్చేసిన మాన్యువల్ ఉంది. ఏ బోల్టును ఎంత బిగించాలో చూసి, 'టిక్కు'మనే పానాతో బిగిస్తాడు. అప్పట్లో మా జీపు పని చూసిన మేస్త్రీకి ఆ టిక్కు మోచేతిలోనే ఉండేది.

"తాతయ్యా, ఇది ఫోర్డు చేసిన జీపు. బోల్టుల నెత్తిన 'ఎఫ్' అక్షరం ఉంటుంది చూడు," అన్నాడొకరోజు. చూశాను. ఉన్నవి కొన్నే. మిగతావి ఎప్పుడో పాత ఇనుములో తూకానికి పోయాయి. వాడు అలాంటి బోల్టుల కోసం ఊళ్లూ దేశాలూ గాలిస్తున్నాడు. పైగా, "మీరు పాడుచేసిందంతా నేను బాగుచేస్తున్నా," అన్నాడు.

"ఒరేయ్, ఆ ట్రాక్టరింజను ఎక్కించబట్టే అది బతికింది. లేకపోతే ఆ ఏడే మొత్తం బండి తూకానికి పోయేది, నువ్వు బాగుచెయ్యడానికి బోల్టు కూడా మిగిలేది కాదు," అన్నాను. వాడు నవ్వి మళ్లీ ఫోను చూసుకున్నాడు.

వాడి తొందరకు ఇంకో కారణం ఉంది. 2021లో కేంద్రం వింటేజి బండ్లకు రూల్సు పెట్టింది. యాభై ఏళ్లు దాటిన బండి ఇంజనూ బాడీ మార్చకుండా అసలు రూపంలో ఉంటే, 20,000 కట్టించుకుని 'వీఏ' నంబరిస్తారు. ఇచ్చాక దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదట. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోడానికీ రిపేరుకూ వెళ్లొచ్చట. జీపు పుట్టిందే బురదలో తిరగడానికి కదరా అంటే, రూలు రూలే తాతయ్యా అంటాడు. ఇంకో తమాషా. మోటారు వాహనాల రూల్సులో 121వది, రక్షణ శాఖ బండ్లకు తప్ప ఇంకెవరి బండికీ ఆ మిలిట్రీ పచ్చ వెయ్యకూడదంటుంది. అంటే అసలు రూపం ఉండాలి, అసలు రంగు ఉండకూడదు! ఇక మార్పులు చేసినవాడి సంగతి చెప్పక్కర్లేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, కాకపోతే రెండూనూ. ఈ లెక్కన మా మావయ్య జైల్లోనే ముసలాడైపోయేవాడు.

మొన్న చక్రాలు మార్చాలని దగ్గర్లోని ఒక టైర్ల షాపుకు తీసుకెళ్లాం. పాత మిలిట్రీ రిమ్ము రెండు చెక్కలు, నట్లతో బిగించి ఉంటాయి. గాలి పూర్తిగా తియ్యకుండా ఆ నట్లు విప్పితే పై చెక్క ఎగిరొచ్చి మనిషిని లేపేస్తుంది. అక్కడి కుర్రాడు గాలి తియ్యకుండానే తిన్నగా వాటికే నట్లు విప్పే గన్ను పెట్టాడు. నేను పెట్టిన కేకకు షాపు మొత్తం ఆగిపోయింది. దగ్గరుండి వాల్వు తీయించి, చక్రం చల్లగా కూలబడ్డాక, నట్టు నట్టూ నేనే చెప్పి విప్పించాను. బిల్లు మాత్రం లేబరు చార్జీ, దానిమీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపి మాకే ఇచ్చారు.