సైకిలు బ్రేకుల వాక్యానికి ‘నిమ్మళం’ అను వ్యాఖ్య

మూలం

సామీ, ముందర రెండొందల మూడు, యెనక నూటెనబై ఎయ్యల్ల. నాలుగు పిస్టన్లది, నూనెది. తీగది ఒద్దు. ఒగ ఏలుతో పట్టి నిమ్మళంగా దిగల్ల.

అవతారిక

ఈ గద్యం తిరుపతిలో ఒక సైకిలు షాపు మెట్ల మీద వెలువడింది. కర్త మెకానిక్కు. శ్రోత ఒక బ్యాంకు ఉద్యోగి. మౌంటెన్ బైకు కొని, హార్స్‌లీ కొండల మీద నుంచి దాని మీదే దిగాలని ముచ్చటపడుతున్నవాడు. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. మెదకు సీమ నుంచి వచ్చిన ఆ మహానుభావుడు మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ మెకానిక్కుకు నేను దొరికాను. నేను ఒట్లేమీ పెట్టుకోలేదు.

ప్రతిపదార్థం

సామీ = ఓ కొనుగోలుదారుడా; ముందర = ముందు చక్రమునందు; రెండొందల మూడు = 203 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల ఉక్కు డిస్కును; యెనక = వెనుక చక్రమునందు; నూటెనబై = 180 మిల్లీమీటర్ల దానిని; ఎయ్యల్ల = బిగింపవలెను; నాలుగు పిస్టన్లది = డిస్కుకు ఇరువైపుల రెండేసి చొప్పున నాలుగు ముషలకములు గలదియు; నూనెది = ద్రవపీడనముచే పనిచేయునదియు (అగు బ్రేకు అని అధ్యాహారము); తీగది = ఇనుప తీగచే లాగబడునది; ఒద్దు = కూడదు; ఒగ ఏలుతో = చూపుడువేలు ఒక్కదానితోనే; పట్టి = పట్టుకొని; నిమ్మళంగా = తొట్రుపాటు లేకుండ; దిగల్ల = కొండ దిగవలెను.

తాత్పర్యం

పడితే నన్ననొద్దు.

విశేషాలు

‘సామీ’ అనే సంబోధన గురించి తిరుపతివాళ్ళకు చెప్పనక్కర్లేదు. దారి అడిగినవాడూ సామే, అడ్డంగా బండి పెట్టినవాడూ సామే. ధర చెప్పబోయే ముందు ఇది ‘సార్’గా మారుతుందని లక్షణకారులు గమనించాలి.

‘ముందర రెండొందల మూడు, యెనక నూటెనబై’. రెండు చక్రాలకూ ఒకే కొలత ఎందుకు చెప్పలేదని శంక. బ్రేకు పట్టగానే మనిషి బరువూ బండి బరువూ ముందుకు ఒరుగుతాయి. ముందు టైరు నేలను గట్టిగా అదుముకుంటుంది, వెనకది తేలికపడి కాస్త గట్టిగా పట్టినా జారుతుంది. వాలులో ఇది మరీ ఎక్కువ. పనంతా చేసేది ముందరి బ్రేకు కనుక పెద్ద డిస్కు దానిదే. అదే పట్టు ఇరుసుకు దూరంగా పడితే ఎక్కువ ఆపుతుంది. 160 డిస్కు తీసి 203 వేస్తే ఆపే శక్తి సుమారు 27 శాతం పెరుగుతుంది. పైగా ఇనుము ఎక్కువ, వేడిని తాగే చోటూ ఎక్కువ. ఈ రెండో ప్రయోజనమే అసలుది. కారణం కింద వస్తుంది.

ఇక్కడ ‘రెండొందలు’ అని ఒక పాఠాంతరం ఉంది. లేఖక దోషం కాదు. కొన్ని కంపెనీల డిస్కు 200, కొన్నిటిది 203. మూడు మిల్లీమీటర్లే కదా అని ఒకదాని అడాప్టరుతో రెండోదాన్ని బిగిస్తే ప్యాడు డిస్కు మీద సరిగ్గా కూర్చోదు. ముందు ఫోర్కు ఎంత డిస్కు దాకా మోస్తుందో దాన్ని చేసినవాడు రాసి ఉంటాడు, అదీ చూసుకోవాలి.

రాతల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. తిరుమల శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఓపిగ్గా చదివి 1930లలో సంపుటాలుగా తెచ్చారు. డిస్కు మీద ఉండే శాసనాన్ని చదివే పుణ్యాత్ములు మాత్రం తక్కువ. చౌకరకం డిస్కుల మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని చెక్కి ఉంటుంది. ఆ ఇనుము మెత్తన. గట్టివని మెటల్ ప్యాడ్లు తెచ్చి దానికి వేస్తే డిస్కు అరిగిపోతుంది. రెజిన్ ప్యాడ్లు చప్పుడు చేయవు, మొదటి పట్టు బాగుంటుంది, కానీ బాగా కాగితే పట్టు తగ్గుతుంది, వానలో తొందరగా అరుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు తడిపే మన శేషాచలం వైపుకు మెటల్ ప్యాడ్లే నయం. అరుపును భరించాలి.

‘నాలుగు పిస్టన్లది’. పూర్వపక్షి లేచి ఇలా అంటాడు: ‘చక్రాన్ని బిగబట్టడానికి రెండు పిస్టన్లు చాలు. చక్రం బిగిసిపోయాక ఇంకెంత బలముంటే ఏం, పట్టు నిలవాల్సింది టైరుకీ నేలకీ మధ్య కదా?’ మంచి ప్రశ్న. చదునైన రేణిగుంట రోడ్డు మీదైతే సమాధానం లేదు, ఆయనే గెలిచాడు. ఘాటు మీద ఓడిపోతాడు.

చిత్తూరు నుంచి బెంగళూరు పోయే దారిలో మొగిలి ఘాటు దిగే లారీ డ్రైవరును చూడండి. చిన్న గేరులో వేసి, ఇంజను చేత బండిని పట్టించి, బ్రేకును అప్పుడప్పుడే తాకుతాడు. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాటు రోడ్డు ఇప్పుడు దిగడానికే. దిగే బండికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నిబంధన. అక్కడా ప్రతి డ్రైవరుకూ ఇంజను తోడుంటుంది. సైకిలుకు ఆ తోడు లేదు. తొక్కడం మానిన మరుక్షణం ఫ్రీవీలు చేతులెత్తేస్తుంది. కొండ ఎక్కేటప్పుడు కాళ్ళు కూడబెట్టినదంతా దిగేటప్పుడు రెండు డిస్కులూ గాలీ కలిసి ఖర్చు చేయాల్సిందే.

ఆ ఖర్చు ఎంతో లెక్క కడదాం. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. మనిషీ సైకిలూ కలిసి 90 కిలోలనుకుంటే అంత ఎత్తు దిగడంలో సుమారు 6.17 లక్షల జౌళ్ళ శక్తి వేడిగా మారాలి. 30 డిగ్రీలున్న నీళ్ళు రెండు లీటర్లు మరగడానికి అది చాలు. ఆ వేడంతా అరచేయంత డిస్కులూ గోరంత ప్యాడ్లూ మోయాలి. ఇందులో గాలికి పోయే వాటా ఉంది కానీ, నెమ్మదిగా దిగేవాడికి గాలి సాయం తక్కువ. భయపడి కొండ పొడుగునా బ్రేకు నొక్కిపట్టి దిగేవాడి డిస్కే అందరికన్నా ఎక్కువ కాగుతుంది. పెద్ద బ్రేకు దూకుడు కుర్రాళ్ళకే అనుకుంటారు; జాగ్రత్తపరుడికే అది ఎక్కువ అవసరం. నాలుగు పిస్టన్లుంటే ప్యాడు పెద్దది, వేడి ఎక్కువ చోట పరుచుకుంటుంది, వేలు తక్కువ శ్రమపడుతుంది. బలం అన్నది ఇక్కడ ఉపలక్షణం; ఓర్పు అని అర్థం చెప్పుకోవాలి.

‘నూనెది’. నూనె అనగానే చెనిక్కాయల నూనె గుర్తొచ్చే జిల్లా ఇది, కనుక వివరణ అవసరం. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. లీవరు దగ్గర చిన్న పిస్టను, చక్రం దగ్గర పెద్దవి. వైశాల్యం ఎన్ని రెట్లో బలం అన్ని రెట్లు. తీగలా సాగేది లేదు, తుప్పు పట్టేది లేదు.

అయితే ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి: డాట్ ద్రవం, మినరల్ ఆయిల్. రెంటికీ మోక్షం ఉంది, సమన్వయం మాత్రం లేదు. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి బ్రేకే పోతుంది. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, కానీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరాక ఆ హద్దు 155కి దిగవచ్చు. రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. షిమానో, మగురా వాళ్ళది మినరల్. దానికి తేమ పీల్చే గుణం లేదు కానీ, ఎలాగో నీరు దూరితే అది నూనెలో కలవక అడుగుకు, అంటే పిస్టన్లుండే క్యాలిపర్ దగ్గరికే చేరుతుంది. వేడంతా పుట్టేది అక్కడే, నీటికి నూరు డిగ్రీలు చాలు. ఏళ్ళ తరబడి డాట్ మతంలో ఉన్న స్రామ్ కంపెనీ కూడా డీబీ8తోనూ, ఆపై 2024లో మావెన్‌తోనూ మినరల్ వైపు ఒక కాలు వేసింది.

ఏది కొనాలి? నా ఓటు మినరల్‌కే, ఒక షరతు మీద. డాట్ 4 సీసా మోటారు సైకిళ్ళ సామాన్ల షాపులో అడిగితే ఇస్తాడు. సైకిలు మినరల్ ఆయిల్ అలా కాదు, ముందే తెప్పించుకోవాలి. బ్రేకుతోపాటే సీసా, గొట్టంలోని గాలి తీసే బ్లీడింగ్ కిట్టు కొని ఇంట్లో పెట్టుకోండి. అవి దొరకవనిపిస్తే డాట్‌కే పోండి.

గొట్టంలో గాలి బుడగ చేరితే లీవరు మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. గాలి నొక్కితే కుంచించుకుంటుంది, ద్రవం కుంచించుకోదు. ఆయుర్వేదం దీన్ని వాత దోషం అంటుందేమో. చికిత్స మాత్రం బ్లీడింగే.

అప్రస్తుతమైనా చెప్పక తప్పనిది: విజయదశమికి బండ్లకు పూజ చేసేటప్పుడు పసుపు, కుంకుమ హ్యాండిల్‌కు పెట్టండి, ఫ్రేముకు పెట్టండి. డిస్కుకు పెట్టకండి. ప్రమిద నూనె ఒక్క చుక్క చాలు, ప్యాడు పీల్చుకుని పట్టు మరచిపోతుంది. నిమ్మకాయ తొక్కిస్తే దోషం లేదు.

‘తీగది ఒద్దు’. గోవిందరాజస్వామి గుడి దాకా పోయి రావడానికి తీగది బాగానే పనికొస్తుంది. పాత హీరో సైకిళ్ళ కడ్డీ బ్రేకు అరిగిపోయాక చెప్పుకాలితో టైరును ఆపిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

‘ఒగ ఏలుతో’. మిగతా వేళ్ళు హ్యాండిల్‌ను వదలకూడదని భావం. గులకరాళ్ళ దారిలో నాలుగు వేళ్ళూ లీవరు మీద పెట్టినవాడికి హ్యాండిల్ మీద మిగిలేది బొటనవేలే. మన దేశంలో కుడిచేతిది ముందరి బ్రేకు, మోటారు సైకిలుకున్నట్టే. విదేశం నుంచి తెప్పించిన బండిలో ఇది తారుమారై ఉండవచ్చు. కొండ మీద కాదు, షాపు ముందే పట్టి చూసుకోవాలి. గట్టి బ్రేకు మనిషిని ముందుకు విసిరేస్తుందని పూర్వపక్షి మళ్ళీ లేస్తాడు. విసిరేది బలం కాదు, ఒక్కసారిగా వచ్చే బలం. మంచి బ్రేకు వేలు అడిగినంతే ఇస్తుంది.

‘నిమ్మళంగా దిగల్ల’. కొత్త ప్యాడ్లతో నేరుగా కొండకు పోకూడదు. చదునైన రోడ్డు మీద వేగం అందుకుని, పూర్తిగా ఆగకుండా తగ్గించడం ఓ ఇరవై ముప్ఫై సార్లు చేస్తే ప్యాడు పూత డిస్కుకు అంటుకుని పట్టు కుదురుతుంది. దిగేటప్పుడు మలుపుకు ముందే గట్టిగా పట్టి, వేగం తగ్గాక పూర్తిగా వదలాలి. ఆ వదిలిన కాసేపే డిస్కు చల్లారుతుంది. హార్స్‌లీ కొండలు నాలుగు వేల అడుగులకు పైమాటే. కడప కలెక్టరు హార్స్‌లీ పేరు పడకముందు దాన్ని యేనుగు మల్లమ్మ కొండ అనేవాళ్ళు. మదనపల్లె వైపు దిగే ఆ మలుపుల్లో నీలగిరి చెట్ల ఆకులు రాలి తడిగా ఉంటే, ఏ కంపెనీ బ్రేకైనా టైరు చెప్పినట్టే వినాలి.

మూలంలో ధర లేదు. గ్రంథపాతమని కొందరు, వ్యాపార రహస్యమని కొందరు. డబ్బు చాలకపోతే ముందు చక్రానికి నాలుగు పిస్టన్లది వేసి, వెనక రెండింటిదితో సరిపెట్టుకోవచ్చు. తిరగేసి మాత్రం చేయకూడదు.

ఇది దక్షిణ రాయలసీమ ఘాటురోడ్డు సంచార నిపుణ మెకానిక్ వర ప్రోక్తంబగు బ్రేకు వాక్యమునకు నిమ్మళాఖ్య వ్యాఖ్యానము సమాప్తము. ప్యాడ్లు ఇందులో చేరవు. బ్లీడింగ్ చార్జీ వేరు.